కారు బ్యాటరీ: ఉద్దేశము, లక్షణము, పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభయందు కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఇచ్చట కారు బ్యాటరీ ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఒకప్పుడు ఊరిలోనికి మోటారు వచ్చినచో పిల్లలు దాని వెంట పరుగెత్తెడివారు. నేడు అనేక గ్రామములలో ఎడ్లబండ్లకంటె మోటారు వాహనములే హెచ్చు. పళ్ళు చూచి ఎద్దు వయస్సు చెప్పగల రైతు, సుడులు చూచి దాని మంచిచెడ్డలు నిర్ణయింపగల రైతు, తన కారులోని బ్యాటరీ ఏ జాతిదో చెప్పలేకున్నాడు. ఆ తెలియమివలన ధనము నష్టమగును. ఒక్కొక్కప్పుడు కన్ను పోవును. ప్రాణమునకే అపాయము వాటిల్లును. తెలిసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. కంటి యెదుటనున్న అక్షరములను ఓపికతో చదివిన చాలును. చదువు అలవాటు చేయుటకే గ్రంథాలయము పుట్టినది గనుక ఈ విషయము ఈ వేదికకు తగినదే.

అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము నన్నయభట్టు తెనిగించినది, అందరెరిగిన కథ. దమయంతీ ద్వితీయ స్వయంవర వార్త విని, అయోధ్యాధిపతియగు ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు చేరవలెనని కోరెను. బాహుకనామముతో దాగియున్న నలుడు అశ్వశాలకు పోయి బక్కచిక్కిన గుర్రములను ఏరి తెచ్చెను. బలిసిన గుర్రములుండగా వీనినేల తెచ్చితివని రాజు శంకించెను. బాహుకుడు వాని సుడులను, తక్కిన గుర్తులను చూపి, దూరము పోగలవి ఇవియే యనెను. పోయి చూపెను కూడ. రాజు చూచినది ఆకారము. నలుడు చూచినది లక్షణము. దుకాణమున పేర్చియున్న బ్యాటరీలన్నియు ఒక్క తీరు నల్లని పెట్టెలే. లోపలి పదార్థములు వేరు, వాని నియమములు వేరు, తప్పిన ఫలితములును వేరు.

న్యాయభాష్యకారుడగు వాత్స్యాయనుడు శాస్త్రము నడచు తీరు మూడు విధములని చెప్పెను. వస్తువును పేరుతో చెప్పుట ఉద్దేశము. ఇతర వస్తువులనుండి దానిని వేరుచేయు గుర్తు లక్షణము. ఆ గుర్తు నిజముగా పొసగునా లేదాయని ప్రమాణములతో విచారించుట పరీక్ష. బ్యాటరీ జాతిని నిర్ణయించుటకును ఇంతకంటె మంచి త్రోవ లేదు.

ముందుగా ఉద్దేశము. బ్యాటరీ యనగా రసాయనిక శక్తిని విద్యుచ్ఛక్తిగా మార్చి యిచ్చు సాధనము. ఇటలీ దేశీయుడగు వోల్టా 1800లో మొదటి బ్యాటరీని లోకమునకు వెల్లడించెను. అది వాడిన కొలది తరుగునదే కాని మరల నింపుటకు వీలు కానిది. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులను గంధకామ్లమున నుంచి, మరల మరల చార్జి చేయదగిన బ్యాటరీని కనిపెట్టెను. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూయు పద్ధతి తెచ్చి దాని సత్తువను హెచ్చించెను. తొలినాటి కార్లను ఇనుప హ్యాండిలు త్రిప్పి లేపెడివారు. అది వెనుకకు తన్ని చేతులు విరిగిన వారెందరో కలరు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరును 1912లో క్యాడిలాక్ కార్లకు అమర్చిరి. అప్పటినుండి బ్యాటరీ కారునకు విడరాని అంగమైనది.

నేడు “కారు బ్యాటరీ” యను మాటకు రెండర్థములు కలవు. ఒకటి, ఇంజనును లేపి, దీపములను, హారనును, లోపలి యంత్రములను పోషించు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. రెండవది, హైబ్రిడ్ కార్లలోను, విద్యుత్ కార్లలోను చక్రములనే త్రిప్పు పెద్ద బ్యాటరీ. ఇది వందల వోల్టులది. విద్యుత్ కారులో పెద్దది యుండగా చిన్నదెందులకని అనుకొనరాదు. ఆ కార్లలోను దీపములకు, తలుపు గడియలకు, పెద్ద బ్యాటరీని కలుపు స్విచ్చులకు చిన్నదే ఆధారము. చిన్నది చచ్చినచో, పెద్దది నిండుగా నున్నను కారు కదలదు. కావున “ఏ జాతి బ్యాటరీ?” యని అడుగుటకు ముందు “ఏ బ్యాటరీ?” యని అడుగవలెను. చిన్నదానిని గూర్చిన మాట పెద్దదానికి అన్వయించి చేయి పెట్టుట మృత్యువును పిలుచుటయే.

ఇక లక్షణములు. చిన్న బ్యాటరీలలో మొదటిది, అందరెరిగినది, ద్రవముతో నిండిన సీసపు బ్యాటరీ. ఆరు గదులు, ఒక్కొక్క గదికి రమారమి 2.1 వోల్టులు, వెరసి నిండుగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు. దీని మీద ఆరు మూతలుండును. పెట్టె ప్రక్కన ద్రవమట్టమునకు పైగీత, క్రిందిగీత యుండును. మట్టము తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావినీటిలోను, బోరునీటిలోను కరగియున్న లవణములు పలకలను పాడుచేయును. యాసిడ్ పోయుట ఇంకను తప్పు. ఆవిరియై పోయినది నీరే గాని ఆమ్లము కాదు.

రెండవది మెయింటెనెన్స్ ఫ్రీ యనబడునది. ఇదియు సీసపు జాతియే. పలకలలో కాల్షియము కలిపిన సీసమును వాడుటచే నీటి ఖర్చు మిక్కిలి తక్కువ. పైన మూతలు కనబడవు. కొన్నింటికి మూతలుండియు చీటీ క్రింద కప్పబడియుండును. కొన్నింటికి రంగు మారు చిన్న గాజుకన్ను ఉండును. ఆ కన్ను ఆరు గదులలో ఒక్క గదిని మాత్రమే చూచుచున్నదని మరువరాదు. అది పచ్చగా నున్నంత మాత్రమున తక్కిన అయిదును క్షేమమని కాదు.

మూడవది ఇ.ఎఫ్.బి. ఇది మొదటిదానికి బలిష్ఠుడైన తమ్ముడు. కారు ఆగిన ప్రతిచోట ఇంజను తానే ఆగి, క్లచ్చి నొక్కగానో బ్రేకు వదలగానో మరల లేచు కార్లున్నవి. అట్టి కారు ఒక్క ప్రయాణములో పలుమార్లు ఇంజనును లేపును. ఆ శ్రమకు తాళునట్లు దీని పలకలను దృఢపరచిరి. పై చూపునకు ఇది రెండవ జాతివలెనే యుండును. పేరు చదివిననే తెలియును.

నాల్గవది ఏ.జి.ఎం. ఇందు ఆమ్లము పారుచుండదు. సన్నని గాజునారతో చేసిన చాపలు దానిని పీల్చికొని పలకల నడుమ నిలుపును. వెలువడిన వాయువులు లోపలనే కలిసి మరల నీరగును. ఒత్తిడి మితిమీరినప్పుడు మాత్రము కవాటము తెరచుకొనును. నిండుగా నున్నప్పుడు సుమారు 12.8 వోల్టులు లేక కొంచెము పైన చూపును. దీనిలో నీరు పోయుటకు వీలు లేదు గనుక, అతిచార్జి చేసి ఎండగొట్టినచో మరల బాగుపడదు. ఆమ్లమును లేహ్యమువలె గట్టిపరచిన జెల్ జాతి మరొకటి కలదు. అది కార్లలో అరుదు. కొన్ని కొత్త కార్లలో చిన్న బ్యాటరీ కూడ లిథియం జాతిదే యగుచున్నది; ఎత్తి చూచినచో సీసపుదానికంటె ఎంతో తేలిక.

ఇప్పుడు పరీక్ష. మొదటి ప్రమాణము కారుతో వచ్చిన పుస్తకము. అద్దాల ప్రక్క అరలో, ప్లాస్టిక్ కవరు కూడ విప్పకుండ, ఏండ్ల తరబడి పడియుండు ఆ పుస్తకమునందు బ్యాటరీ జాతి, శక్తి, ఉన్నచోటు, చార్జి చేయు విధము స్పష్టముగా వ్రాసియుండును. బ్యాటరీ ఎల్లప్పుడు బానెట్ క్రిందనే యుండునని అనుకొనుట పొరపాటు. కొన్ని కార్లలో డిక్కీలోను, కొన్నింట సీటు క్రిందను ఉండును.

రెండవ ప్రమాణము బ్యాటరీ మీది చీటీ. ఏ.జి.ఎం., ఇ.ఎఫ్.బి., జెల్, లిథియం అను పేర్లను తయారీదారులు సాధారణముగా దాచరు. వి.ఆర్.ఎల్.ఏ. యని యున్నచో కవాటముతో మూయబడిన సీసపు జాతియని అర్థము; ఏ.జి.ఎం., జెల్ రెండును ఆ కుటుంబమువే. పి, బి అను రెండు ఆంగ్లాక్షరములు సీసమునకు గుర్తు. చీటీ మీది సంకేతము కూడ చదువదగినదే. ఉదాహరణకు చిన్న కార్లలో తరచు కనబడు 38బి20ఎల్ అను జపాను పద్ధతి సంకేతమును తీసికొనవచ్చును. 38 అనునది శక్తిని సూచించు అంకె. బి యనునది వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అనునది సెంటీమీటర్లలో సుమారు పొడవు. చివరి ఎల్ అను అక్షరము ప్లస్, మైనస్ ధ్రువముల స్థానమును తెలుపును. ఎల్ బదులు ఆర్ ఉన్నది తెచ్చినచో తీగలు అందవు. బలవంతముగా అందించినచో ధ్రువములు తారుమారై కారులోని ఎలక్ట్రానిక్ భాగములు కాలిపోవును. ఆగి లేచు కార్లకు అదే పద్ధతిలో ఎం-42, ఎన్-55, క్యూ-85 వంటి సంకేతములు కలవు. మొదట అంకె గాక అక్షరమున్నచో అది ఆ పనికై చేసినదని గ్రహింపవలెను.

మూడవ ప్రమాణము ప్రత్యక్షము: మూతలు, గీతలు, గాజుకన్ను, బరువు, పొగగొట్టము వంటి సన్నని వాయునాళము. నాల్గవది వోల్టుమీటరు. వోల్టులు జాతిని నిర్ణయింపజాలవు. 12.6 చూపినది నిండిన ద్రవపు బ్యాటరీ కావచ్చును; కొంత తరిగిన ఏ.జి.ఎం. కూడ కావచ్చును. వోల్టుమీటరు సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. ఇంకొక మాట. కారులో నేడున్న బ్యాటరీయే కారునకు విధింపబడిన బ్యాటరీయని నమ్మరాదు. కారు చేతులు మారియుండవచ్చును. వెనుకటి యజమాని చౌకయని వేరు జాతి పెట్టియుండవచ్చును. అందుచే పుస్తకమును, చీటీని రెంటిని కలిపి చూడవలెను. రెండును ఏకీభవించినచో సందేహము తీరినది. భేదించినచో పుస్తకమే ప్రమాణము.

జాతి తప్పినచో ఏమగును? ఏ.జి.ఎం. ఉండవలసిన చోట మామూలు ద్రవపు బ్యాటరీ పెట్టినచో, ఆగి లేచు పనికి తాళలేక కొద్దికాలముననే చచ్చును. సీటు క్రింద గాని, డిక్కీలో గాని పెట్టి వాయునాళము కలుపకున్నచో దాని వాయువులు మనుష్యులు కూర్చుండు చోటికే వచ్చును. ఏ.జి.ఎం. స్థానమున ఏ.జి.ఎం. మాత్రమే, ఇ.ఎఫ్.బి. స్థానమున ఇ.ఎఫ్.బి. గాని ఏ.జి.ఎం. గాని, ఇది మార్పులేని నియమము. పాత చార్జరుతో హెచ్చు వోల్టుల నెక్కించుట ద్రవపుదానికి ఒకవేళ చెల్లినను ఏ.జి.ఎం.కు చెల్లదు. సీసపు చార్జరును లిథియముదానికి తగిలించుట మరింత ప్రమాదము. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినప్పుడు, ఏ జాతిది పెట్టిరో కారులోని కంప్యూటరునకు కూడ తెలుపవలెను. లేనిచో అది పాతదానికి తగినట్లే చార్జి చేయుచుండును.

సీసపు బ్యాటరీ ఏదైనను చార్జి యగునపుడు ఉదజని, అనగా హైడ్రోజను వాయువు వెలువడవచ్చును. గాలిలో అది నూటికి 4 పాళ్ళు చేరినచో ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. ప్రేలినప్పుడు ఆమ్లము ముఖముమీద పడును. చీకటిలో నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల గీయుట, బ్యాటరీయొద్ద బీడీ కాల్చుట కన్నులను పందెమొడ్డుటయే. విప్పునపుడు మైనస్ ముందు, బిగించునపుడు ప్లస్ ముందు. వేరొక కారునుండి కరెంటు తెచ్చి లేపునపుడు కడపటి మైనస్ పట్టును చచ్చిన బ్యాటరీకి గాక ఇంజను లోహమునకు, దూరముగా తగిలింపవలెను. రవ్వ లేచినను వాయువునకు దూరముగా లేచును. ఆమ్లము కంట పడినచో వెంటనే మంచినీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడిగి వైద్యునియొద్దకు పోవలెను.

పెద్ద బ్యాటరీల జాతి నిర్ణయము వేరు. ఇందు పేరును బట్టి గాని, ఆకారమును బట్టి గాని నిర్ణయించుట ఎంత మోసమో రెండు నిదర్శనములు చాలును. బెంగుళూరులో తయారై 2001లో వచ్చిన రేవా యను విద్యుత్ కారు ఆరు వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిదింటితో, మొత్తము 48 వోల్టులతో నడచినది. 2009లో ఆ రేవాయే లిథియం బ్యాటరీతో కూడ వచ్చినది. విద్యుత్ కారనగానే లిథియమని గాని, రేవా యనగానే సీసమని గాని చెప్పుటకు వీలులేకపోయినది. హైబ్రిడ్ కార్లలో మొదట ప్రసిద్ధికెక్కిన టొయోటా ప్రియస్ 1997లో జపానులో వచ్చినది. దాని బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతిది. నిస్సాన్ లీఫ్ 2010లో లిథియం బ్యాటరీతో వచ్చినది.

రెండవ నిదర్శనము టెస్లా మోడల్ 3. ఒకే పేరు, ఒకే ఆకారము. కాని కొన్నింట నికెల్ కలిసిన లిథియం బ్యాటరీ, కొన్నింట లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఈ రెండవదానినే ఎల్.ఎఫ్.పి. యందురు. రెంటికిని తయారీదారు ఇచ్చిన విధులు భిన్నములు. నికెల్ జాతిని ప్రతిదినము నిండుగా చార్జి చేయక నూటికి 80 వంతుల దగ్గర ఆపుట మేలు. నిండుగా చాలసేపు ఉంచినచో త్వరగా ముసలిదగును. ఎల్.ఎఫ్.పి.ని వారమునకు ఒక్కసారియైనను పూర్తిగా నింపవలెను. దానికి కారణము కలదు. ఎల్.ఎఫ్.పి. సెల్లు వోల్టులు మధ్య భాగమున దాదాపు మారవు; నీరు తరుగుచున్నను మట్టము మారని చెరువు వంటిది. మట్టము చూచి లెక్క కట్టు కంప్యూటరు క్రమముగా లెక్క తప్పును. నిండా నింపినప్పుడు దానికి గట్టు దొరకి లెక్క సరిపడును. ఒకదానికి పథ్యమైనది రెండవదానికి అపథ్యము. ఆ కారులో ఏ జాతి యున్నదో తెరమీద, వాహన వివరముల పుటలో చూచుకొనవచ్చును. వైద్యుడు రోగము తెలిసికొనక మందు వేయనట్లే, బ్యాటరీ పేరు తెలిసికొనక చార్జింగు నియమము పెట్టుకొనరాదు.

పెద్ద బ్యాటరీ విషయమున గృహస్థుని పరీక్ష చూపుతోను, చదువుతోను ముగియవలెను, చేతితో ముట్టరాదు. నారింజరంగు తొడుగున్న లావుపాటి తీగలు అధిక వోల్టులకు గుర్తు. అవి కనబడిన చోట శిక్షణ పొందిన వానికి తప్ప ఎవ్వరికిని పని లేదు. ఇంటి కరెంటు పనులు తెలిసినవాడైనను, ట్రాక్టరు మెకానిక్కైనను ఇందుకు చాలడు.

కడపట, చచ్చిన బ్యాటరీ సంగతి. జాతి తెలిసికొనుట బ్రతికినదానికే గాక చచ్చినదానికిని అవసరమే. సీసము విషము, పిల్లల మెదడునకు మరింత విషము. ఆఫ్రికా ఖండమున సెనెగల్ రాజధానియగు డకార్ శివారున తియారోయ్ సుర్ మేర్ అను చోట, పాత కారు బ్యాటరీలను పగులగొట్టి సీసము తీయుచుండిరి. అచ్చటి మట్టి సీసముతో నిండెను. 2007 నవంబరు మొదలు 2008 మార్చి వరకు 18 మంది పసిపిల్లలు మరణించిరి. తల్లిదండ్రులు చేసినది దొంగతనము కాదు, దౌష్ట్యము కాదు, పొట్టకూటి పని. పెట్టెలో నేమున్నదో వారికెవరును చెప్పలేదు. ఈ దేశమున 2001లోను, తరువాత 2022లోను పాత బ్యాటరీలను గూర్చి నిబంధనములు చేసిరి. పాతదానిని కొత్తది కొన్న దుకాణమున అప్పగించినచో కొంత సొమ్ము తగ్గింతురు. సీసము అనుమతి గల కర్మాగారమునకు చేరును. నాలుగు రూపాయలు హెచ్చు వచ్చునని పెరటిలో కరగించువానికి అమ్ముట ఎవరి బిడ్డకో విషము పెట్టుట. లిథియముదానిని సీసపువానితో కలిపి పంపుటయు అపాయమే. సీసము కరగించు కొలిమిలో అది ప్రేలును.

సభాసదులారా! ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ప్రతి పొలమునకు సర్వే నంబరు, విస్తీర్ణము, సరిహద్దులు లెక్కలో నున్నట్లే, ఊరిలోని ప్రతి వాహనపు బ్యాటరీకిని ఒక లెక్క యుండుట మేలు. వాహనము పేరు, పుస్తకము విధించిన జాతి, ఇప్పుడున్న జాతి, చీటీ సంకేతము, కొన్న తేది, వారంటీ గడువు, పాతదానిని అప్పగించిన చోటు: ఈ ఏడు గడులతో ఒక్కొక్కరు ఒక్క పుట వ్రాసి తమ కారు పుస్తకములోనే ఉంచుకొనవచ్చును. వ్రాయుట రానివారికి గ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులు వ్రాసిపెట్టవచ్చును. పుస్తకము పోగొట్టుకొన్నవారికై, ఊరిలో వాడుకలోనున్న కార్ల పుస్తకముల ప్రతులను సేకరించి ఒక అలమారలో నుంచినచో, అది ఇరువదియైదు ఏండ్ల గ్రంథాలయమునకు తగిన కొత్త విభాగమగును.

సుడులు చదివిన నలుడు ఒక్క దినములో విదర్భ చేరెను. చీటీ చదివిన గృహస్థుడు క్షేమముగా ఇల్లు చేరును. ఈ గ్రంథాలయము ఇట్టి చదువునకు నెలవై స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక!

స్వస్తి.